పగలు కొలువు, రాత్రి శృంగార కథ: చిన్న ఊళ్లో ఉండి రాయడం ఎలా?

హైదరాబాదులో ఉండి శృంగార కథలు రాసేవారికి పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియకపోవచ్చు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో టీ తాగడానికి ఆగితే ముగ్గురు పలకరిస్తారు. వారిలో ఒకరు మీ మేనమామ ఏ ఆఫీసులో రిటైరయ్యారో కూడా చెబుతారు. ఇలాంటి చోట కలం పేరు ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. రచయితను పట్టించేవి కథలోని వివరాలు. చిక్కేమిటంటే, కథకు ప్రాణం పోసేవీ ఆ వివరాలే. ఈ రెంటి మధ్య ఎలా నడవాలన్నదే అసలు విద్య.

ముందు ఏం రాస్తున్నారో తేల్చుకోండి

బూతు కథకు మనుషులు అక్కర్లేదు, శరీరాలు చాలు. పక్కింటి ఆంటీ, మధ్యాహ్నం వేళ, తలుపు దగ్గరకు వేసిన ఇల్లు: ఆ అచ్చులో పోసిన కథలు కుప్పలుగా ఉన్నాయి, మరొకటి ఎవరికీ అవసరం లేదు. శృంగార కథలో ఇద్దరికీ పేర్లుంటాయి, జీతాలుంటాయి, ఒకరికి ఇంకొకరి మీద కోపం కూడా ఉంటుంది. ఇద్దరూ పెద్దవాళ్లై ఉండాలి, ఇద్దరికీ ఇష్టం ఉండాలి. ఆ ఇష్టం పాఠకుడికి పేజీ మీద కనిపించాలి. ఇందులో రాజీ లేదు.

చదవండి

శ్రీకాకుళంలో ఉన్నవారికి ఒక అదృష్టం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ప్రారంభించిన కథానిలయం ఊళ్లోనే ఉంది. తెరిచి ఉండే వేళలు కనుక్కొని వెళ్లి, పాత పత్రికల్లోని కథలు తిరగేయండి. స్త్రీపురుషుల మధ్య కోరికను ఎవరు ఎంత వరకు చెప్పారో, ఎక్కడ ఆపారో గమనించండి. రామారావు మాస్టారు విశాఖలో బడిపంతులుగా పనిచేస్తూనే కథలు రాశారు. విజయనగరం గురజాడ కూడా కొలువు చేస్తూనే రాశారు. ఉద్యోగం పక్కన సాహిత్యం మన జిల్లాలకు కొత్తేమీ కాదు.

అడ్డంకి నుంచి మొదలుపెట్టండి

కొత్తగా రాసేవారు మంచం దగ్గర మొదలుపెడతారు, రెండో పేజీకే సరుకు అయిపోతుంది. కోరికను పెంచేది ఆలస్యం. మన ఊళ్లలో ఏకాంతం దొరకకపోవడమే పెద్ద కథావస్తువు. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం జరుగుతుంది. ఆ రోజుల్లో ఇల్లంతా చుట్టాలు. కొత్తగా పెళ్లైన జంటకు ఉన్న ఒక్క గదిలో పెద్దత్త పడుకుంది. వంటింట్లో నీళ్లబిందె దించుతున్న ఆమె పక్కన అతను నిలబడ్డాడు, హాల్లో పదిమంది మాట్లాడుకుంటున్నారు. ఏమీ జరగకుండానే ఆ సన్నివేశం రెండు పేజీలు నడుస్తుంది. ఇంకోటి: ఆమె పాలకొండ వైపు పల్లె బడిలో టీచరు, అతనికి విశాఖలో ఉద్యోగం, కలిసేది శనివారం రాత్రి. ఆదివారం సాయంత్రం బస్సుకు ఎంత టైముందో ఇద్దరికీ తెలుసు, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

సన్నివేశం రాసేటప్పుడు ముందు చూపు, తర్వాత మాట, ఆ తర్వాతే స్పర్శ. వాసనలను మరిచిపోవద్దు: ఉతికిన పొందూరు ఖద్దరు, వాన పడ్డ మట్టి, తలకు రాసిన కొబ్బరినూనె. శరీర భాగాల జాబితా రాయడం మొదలైందంటే కథ అక్కడ ఆగిపోయినట్టే.

భాష అన్నిటికంటే కష్టం. సంస్కృత సమాసాలు వాడితే ప్రబంధం పేరడీలా ఉంటుంది, వీధి మాటలు వాడితే తిట్టులా వినిపిస్తుంది, ఇంగ్లీషు పేర్లు రాస్తే డాక్టరు చీటీ అవుతుంది. అవయవం పేరు చెప్పకుండా క్రియతో నెట్టుకురండి. ఆమె ఏం చేసింది, అతని ఊపిరి ఏమైంది అన్నది చెబితే పాఠకుడు మిగతాది నింపుకుంటాడు. రాసినది గొంతెత్తి చదివి చూడండి. (ఇంట్లో ఎవరూ లేనప్పుడు.)

ఊరిని ఉంచండి, మనిషిని మార్చండి

నాగావళి ఒడ్డు, గంటస్తంభం, కళింగపట్నం బీచ్ ఎంతైనా వాడుకోండి, అవి అందరివీ. మీ ఆఫీసు మేడ మెట్లు, మీ కొలీగు నవ్వు, మీ మరిది బండి రంగు మాత్రం వద్దు. నిజమైన మనిషి నుంచి కోరిక తీసుకుంటే అతని వయసు, వృత్తి, కుటుంబం మూడూ మార్చండి. ఒక్కటే మారిస్తే ఊరు గుర్తుపడుతుంది. అది మీకు ఇబ్బంది, వారికి అంతకంటే పెద్ద అన్యాయం.

ఫోనుతో జాగ్రత్త

కీబోర్డు మీరు టైపు చేసిన మాటలను గుర్తుంచుకుంటుంది. రాత్రి కథలో వాడిన మాటను పొద్దున ఆఫీసు గ్రూపులో మెసేజ్ రాస్తుండగా తానే అందిస్తుంది. సెట్టింగుల్లో ఆ అలవాటును ఆపేయండి. ఇంట్లో వాయిస్ టైపింగు సంగతి చెప్పనే అక్కర్లేదు. కథల కోసం వేరే ఈమెయిలు పెట్టుకోండి, ఆఫీసు కంప్యూటర్ ముట్టుకోకండి. వర్డ్ ఫైలు లక్షణాల్లో రచయిత పేరు దాగి ఉంటుంది, పంపే ముందు తీసేయండి.

రాసే వేళ గురించి: విజయనగరం నుంచి విశాఖకు రోజూ రైల్లో వెళ్లేవారు ఆ సమయంలో సంభాషణలు, అడ్డంకులు రాసుకోవచ్చు. భుజం మీదుగా తొంగిచూసేవారు ఎప్పుడూ ఉంటారు కనుక మిగతాది ఇంటికి దాచుకోండి.

చట్టం

అశ్లీల ప్రచురణలకు 2024 జూలై 1 నుంచి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షను వర్తిస్తోంది. ఇంటర్నెట్టులో పెడితే ఐటీ చట్టం 67, 67ఎ సెక్షన్లు కూడా ఉన్నాయి, వాటిలో శిక్షలు ఇంకా ఎక్కువ. సాహిత్య ప్రయోజనానికి మినహాయింపు ఉంది. రచనను మొత్తంగా, నేటి సమాజ ప్రమాణాలతో చూడాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ వాదన కేసు పడ్డాక కదా చేసేది! 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని 1910లో బెంగళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 రావలసి వచ్చింది. కాబట్టి వయోజనులకు మాత్రమే అని స్పష్టంగా రాయండి. ముఖచిత్రానికి ఎవరి ఫొటోనూ సోషల్ మీడియా నుంచి లాగకండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమాలు అప్పుడప్పుడు చేసే సాహిత్య పనికి ముందస్తు అనుమతి అడగవు, విధులకు మాత్రం భంగం రాకూడదు. రాష్ట్ర ఉద్యోగులకు అదే ఏడాది నాటి సొంత నియమావళి ఉంది, ప్రైవేటువారికి నియామక ఒప్పందం ఉంటుంది. మొదటి కథ పెట్టే ముందే చదువుకోండి.

ప్రచురణ, డబ్బు

ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ వేదికల్లో తెలుగు కథలు పెట్టవచ్చు, శృంగారానికి వారి హద్దులు ముందే చూసుకోండి. మొదట ఒక్క కథ పెట్టి వ్యాఖ్యలు గమనించండి. సొంత విషయాలు అడిగే పాఠకులకు మర్యాదగా, కథ గురించి మాత్రమే జవాబివ్వండి. మారుపేరుతో రాసినా కాపీరైటు ఉంటుంది: రచయిత ఎవరో బయటపడని రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు. డబ్బు దగ్గర మాత్రం మారుపేరు పనిచేయదు. వేదికకు పాన్, బ్యాంకు వివరాలు అసలు పేరుతోనే ఇవ్వాలి, ఆదాయాన్ని రిటర్నులో చూపాలి. పాఠకుల నుంచి నేరుగా యూపీఐలో తీసుకోవద్దు. వందరూపాయలు పంపినవారి తెరమీద బ్యాంకు ఖాతాలోని మీ పేరు ఇంటిపేరుతో సహా కనిపిస్తుంది.