కొండల్లో వేటకు రైఫిల్, 4వ పాఠం: కిందపడినా గురి మారని స్కోప్

పోయిన పాఠంలో రైఫిల్ బరువు, అది వెనక్కి తన్నే తీరు, భుజానికి కుదరడం చూశాం. ఇప్పుడు దాని నెత్తిన కూర్చునే స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి సంగతి. చట్టం ఒప్పుకునే చోట, లైసెన్సుతో, ఎల్క్, మూస్, కొండగొర్రె లాంటి పెద్ద జంతువుల కోసం రోజుల తరబడి నడిచేవాళ్లకే ఈ పాఠాలు. షూటింగ్ రేంజ్‌లో బల్ల మీద పెట్టి కాల్చేవాళ్ల అవసరాలు వేరు. వాళ్లకు నచ్చిన స్కోప్ మీకు నచ్చకపోవచ్చు, నచ్చకూడదు కూడా.

స్కోప్ కొనడానికి వెళ్లినవాళ్లు చాలామంది చేసే మొదటి పని, దాన్ని కంటికి ఆనించుకుని దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు చదవడం. అద్దం ఎలా ఉందో దాంతో తెలుస్తుంది. గురి నిలుస్తుందో లేదో తెలియదు. జంతువును వెతకడానికి, కొమ్ములు లెక్కపెట్టడానికి మీ మెడలో బైనాక్యులర్స్ ఉంటాయి. స్కోప్‌తో మనకు పడే పని చివరి నిమిషంలోనే.

ఇలా ఊహించుకోండి. తడిసిన రాళ్ల మీద కాలు జారి మీరు కూలబడ్డారు. బ్యాగ్‌కు కట్టిన రైఫిల్ పక్కకు ఒరిగి, స్కోప్ టర్రెట్ (గురిని సరిచేసే గుండీ) మూత ఠంగుమని రాయికి తగిలింది. తీసి చూస్తే మూత మీద చిన్న గీత, అంతే. తుడుచుకుని మళ్లీ నడక మొదలుపెట్టారు. కానీ లోపల గురి 2 ఎంఓఏ పక్కకు జరిగింది. ఎంఓఏ అంటే గురి తేడాను కొలిచే చిన్న కోణం. 1 ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. 300 మీటర్ల దగ్గర 2 ఎంఓఏ అంటే 17 సెంటీమీటర్లు దాటుతుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 30 సెంటీమీటర్ల వెడల్పు అనుకున్నా, సరిగ్గా మధ్యలో గురిపెడితే ఒక్కో పక్క మిగిలేది 15 సెంటీమీటర్లే. తూటా పొట్టలో దిగుతుంది. మిగతా రోజంతా, ఒక్కోసారి మర్నాడు కూడా, రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరగడమే. అప్పుడు ఎంత గొప్ప అద్దమైనా ఏం లాభం?

అందుకే ఈ పాఠంలో వరస ఇది: ముందు గురి నిలవడం, తర్వాత బరువు, ఆ తర్వాతే అద్దం.

లోపల కదిలేది ఏది?

బయటికి కనిపించే గొట్టం మామూలుగా అల్యూమినియం మిశ్రలోహంతో చేస్తారు. అది వంగడం అరుదు. అసలు కథ దాని లోపల ఉన్న ఇంకో చిన్న గొట్టానిది. దాన్ని ఎరెక్టర్ ట్యూబ్ అంటారు. తలకిందులుగా వచ్చే బొమ్మను నిలబెట్టే లెన్సులు, జూమ్ చేసే లెన్సులు అందులోనే ఉంటాయి. పెన్నులో రీఫిల్ ఉన్నట్టే ఇదీ పెద్ద గొట్టంలో ఉంటుంది, ఒక వైపు స్ప్రింగ్ కూడా ఉంటుంది. మీరు టర్రెట్ తిప్పితే లోపల మర దిగి ఈ గొట్టాన్ని ఒక పక్కకు నెడుతుంది. ఎదురుగా స్ప్రింగ్ దాన్ని మళ్లీ మర మీదికి ఒత్తిపెడుతుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ గొట్టం ఎగిరి తిరిగి అదే చోటికి వస్తే గురి నిలిచినట్టు. వెంట్రుకవాసి తేడాతో కూర్చున్నా గురి పోయినట్టే.

స్ప్రింగ్ బలంగా ఉందా, గొట్టం వెనక కీలు వదులుగా ఉందా అన్నది బయటినుంచి చూసి చెప్పలేం. 'షాక్‌ప్రూఫ్' అని పెట్టె మీద ప్రతి కంపెనీ రాస్తుంది, ఆ మాటకు అందరూ పాటించే ఒకే కొలత లేదు. కాబట్టి రెండు విషయాలు చూడండి. మొదటిది, కదిలే భాగాలు ఎన్ని? 3-9 అంటే 3 నుంచి 9 రెట్ల వరకు పెద్దగా చూపేది. జూమ్ నిష్పత్తి 3 రెట్లున్న ఈ 3-9 కన్నా, 6 రెట్లున్న 3-18 లోపల లెన్సులు ఎక్కువ, అమరిక ఎక్కువ. పక్కన పారలాక్స్ గుండీ (దూరానికి తగ్గట్టు బొమ్మనూ గురి గీతలనూ కలిపేది), వెలిగే రెటికిల్‌కు (గురి గీతలకు) బ్యాటరీ గుండీ ఉంటే అవీ లెక్కలోకే వస్తాయి. రెండోది, టర్రెట్‌కు మూత ఉందా? మూత లేని పెద్ద టర్రెట్లు తుపాకీ సంచికి రాసుకుని వాటంతట అవే తిరిగిపోతాయి. తప్పనిసరిగా తిప్పుతూ కాల్చే అలవాటుంటే లాక్ ఉన్నవి తీసుకోండి. లేదంటే మూతే మేలు.

జూమ్ లేని 6×42 (6 రెట్లు, 42 మిల్లీమీటర్ల ముందు లెన్సు) లాంటి స్కోప్‌ను ఈ రోజుల్లో పాతకాలపు సరుకుగా చూస్తున్నారు. నా మటుకు నాకు 300 మీటర్ల లోపు వేటకు దానికి మించింది లేదు. గ్లవ్స్ వేసుకున్న చేత్తో బిగుసుకుపోయిన జూమ్ రింగును తిప్పే బాధే ఉండదు. అడవి మరీ దట్టంగా ఉండి 30 మీటర్లలో కాల్చాల్సి వస్తే మాత్రం 6 రెట్లు ఎక్కువే. అలాంటి చోట 2.5-8, 3-9 మంచివి.

గ్రాములు ఎక్కడ తగ్గుతాయి?

25.4 మిల్లీమీటర్ల, అంటే ఒక అంగుళం గొట్టంతో వచ్చే 3-9×40 స్కోప్‌లు చాలావరకు 340 నుంచి 450 గ్రాముల మధ్య తూగుతాయి. 34 మిల్లీమీటర్ల గొట్టంతో వచ్చే 5-25×56 రకాలు కిలో దగ్గరికి, ఒక్కోసారి కిలో పైకి వెళ్తాయి. లావు గొట్టం వల్ల వెలుతురు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. దాని అసలు లాభం టర్రెట్ తిప్పుకోవడానికి లోపల ఎక్కువ చోటు దొరకడం. చాలా దూరం కాల్చేవాళ్లకు అది కావాలి, మనకు అక్కర్లేదు.

బరువు తగ్గితే గట్టితనం తగ్గుతుందన్న భయం అన్నిచోట్లా నిజం కాదు. రైఫిల్ తన్నినప్పుడు అది ఒక్కసారిగా వెనక్కి దూకుతుంది, స్కోప్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ లాగుడంతా స్కోప్‌ను పట్టి ఉంచే రింగుల మీద, ఆ రింగుల కింద రైఫిల్‌కు బిగించే బేస్ మరల మీద పడుతుంది. 400 గ్రాముల స్కోప్ బదులు 800 గ్రాములది పెడితే ఆ లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. తేలికపాటి రైఫిల్ మరీ వేగంగా తన్నుతుంది కాబట్టి అక్కడ తేలిక స్కోపే ఎక్కువ కాలం కదలకుండా ఉంటుంది. (స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్‌గన్‌లు చూడటానికి బొమ్మ తుపాకుల్లా ఉన్నా మంచి మంచి స్కోప్‌లను పాడుచేస్తాయి. అవి వెనక్కీ ముందుకీ రెండు వైపులా కుదుపుతాయి.) గొట్టం గోడను పల్చన చేసి గ్రాములు తగ్గించిన స్కోప్ అయితే రింగు కాస్త బిగించగానే నొక్కుకుపోతుంది, దాని జోలికి వెళ్లకండి. చిన్న ముందు లెన్సు, తక్కువ జూమ్, తక్కువ గుండీల వల్ల తగ్గిన బరువే మంచి తగ్గుదల.

ముందు లెన్సు 50, 56 మిల్లీమీటర్లుంటే ఇంకో చిక్కు ఉంది. రింగులు ఎత్తు పెట్టాలి, చెంప రైఫిల్ మడమకు (భుజానికి ఆనించే వెనక భాగానికి) ఆనదు, తల గాల్లో తేలుతుంది.

సాయంత్రపు వెలుతురు

పూత లేని అద్దం ఒక్కో ఉపరితలం దగ్గర దాదాపు 4 శాతం వెలుతురును వెనక్కి కొట్టేస్తుంది. అలాంటి ఉపరితలాలు 16 ఉంటే చివరికి కంటికి చేరేది సగమే. 1935లో జర్మనీలోని త్సైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మాకులా అద్దానికి పల్చని పూత వేసి ఈ నష్టాన్ని తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పటి బహుళ పొరల పూతలతో ఒక్కో ఉపరితలం దగ్గర పోయేది అర శాతమో, ఇంకా తక్కువో. అంటే మధ్యరకం ధరలో దొరికే స్కోప్ కూడా 90 శాతం దగ్గరికి వెలుతురు ఇవ్వగలదు. ఇంకో రెండు శాతం కోసం రెట్టింపు ధర పెట్టడం మీ ఇష్టం.

దానికన్నా పనికొచ్చేది చిన్న భాగహారం. ముందు లెన్సు వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుతురు చుక్క సైజు వస్తుంది. స్కోప్‌ను చెయ్యి చాపి పట్టుకుంటే ఆ చుక్క మీకే కనిపిస్తుంది. 40 మిల్లీమీటర్ల లెన్సు 10 రెట్ల దగ్గర 4 మిల్లీమీటర్ల చుక్క ఇస్తుంది. మసక వెలుతురులో కంటిపాప 5 నుంచి 7 మిల్లీమీటర్ల వరకు తెరుచుకుంటుంది, వయసుతో ఇది తగ్గుతుంది. కాబట్టి పొద్దుగూకేవేళ జూమ్ 6కి దించండి. చుక్క 6.7 అవుతుంది, అదే స్కోప్ ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

రెటికిల్ గీతలు ఆ వెలుతురులో కనిపించేంత లావుగా ఉండాలి. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌లలో (గీతలు జూమ్ లెన్సుల కన్నా ముందుండే రకంలో) జూమ్ దించితే గీతలు కూడా సన్నబడిపోతాయి. కొనేముందు చీకటి మూలకు తిప్పి చూడండి. ఐ రిలీఫ్, అంటే కంటికీ స్కోప్ వెనక అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం, 9 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పడుకుని ఏటవాలుగా పైకి కాల్చేటప్పుడు కన్ను స్కోప్‌కు ఇంకా దగ్గరవుతుంది, కనుబొమ్మ చీరుకుపోయేది అప్పుడే. లోపల నింపింది నైట్రోజనా ఆర్గానా అని అమ్మేవాళ్లు చేసే చర్చ వదిలేయండి. ఏ వాయువైనా రబ్బరు సీలు బాగుంటేనే నిలుస్తుంది.

రింగులు, మరలు

స్కోప్ మీద మోపే నేరాల్లో పెద్ద వాటా వదులైన మరలదే. బేస్ మరలు చాలా రైఫిళ్లకు 6-48 సైజులో వస్తాయి. గట్టిగా తన్నే రైఫిల్ అయితే కొంచెం లావైన 8-40 మరలు వేయించడం మంచిది. నూనె మరకలు ఆల్కహాల్‌తో తుడవండి. రింగును పికటిన్నీ పట్టా (అడ్డ గాడులున్న బేస్) గాడిలో ముందుకు, అంటే రైఫిల్ గొట్టం మూతి వైపు నెట్టి పట్టుకుని బిగించండి. అప్పుడు తన్ను వచ్చినా జారడానికి ఖాళీ ఉండదు. రింగు పైమూత మరలకు మామూలుగా 15 నుంచి 18 అంగుళం-పౌండ్ల బిగింపు సరిపోతుంది, అంటే సుమారు 2 న్యూటన్ మీటర్లు. మీ రింగుల తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి. చేతి అంచనా వద్దు, టార్క్ స్క్రూడ్రైవర్ కొనండి. చివరగా ప్రతి మర తల మీదుగా రింగు మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. మర కదిలితే గీత విరిగి కనిపిస్తుంది.

ఈ వారం అభ్యాసం

1. జీరో చేశాక, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా టర్రెట్ సరిచేశాక, 100 మీటర్ల దగ్గర 10 తూటాలు కాల్చి, గుంపు నడిమధ్య చుక్క గుర్తించండి. 3 తూటాల గుంపు కాకతాళీయంగానే అటూ ఇటూ జరుగుతుంది, దాన్ని నమ్మి ఏమీ తేల్చలేం.

2. ఎత్తైన కాగితం మీద, దారానికి బరువు కట్టి వేలాడదీసి నిట్టనిలువు గీత గీయండి. కింద గురిపెట్టి, టర్రెట్ 5 మిల్ (ఎంఓఏ లాంటిదే ఇంకో కోణపు కొలత) పైకి తిప్పి కాల్చండి. 100 మీటర్ల దగ్గర 1 మిల్ అంటే 10 సెంటీమీటర్లు కాబట్టి తూటా 50 సెంటీమీటర్ల పైన, గీత మీదే పడాలి. మళ్లీ కిందికి తిప్పి కాల్చండి. మొదటి చోటికి రాకపోతే ఆ స్కోప్ తిరిగి ఇచ్చేయండి.

3. స్కోప్ వారంటీ షరతులు చదువుకున్నాకే ఇది చేయండి. రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసి, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టే కడ్డీ) బయటికి తీసి పక్కన పెట్టండి. మోకాలి ఎత్తునుంచి మందపాటి చాప మీద ఎడమ పక్కకు, కుడి పక్కకు, స్కోప్ కిందికి వచ్చేలా ఒక్కోసారి పడేయండి. పెయింట్ గీతలు చూడండి. రైఫిల్ గొట్టంలో ఏమీ ఇరుక్కోలేదని చూసుకుని, బోల్ట్ పెట్టి, మళ్లీ 10 తూటాలు కాల్చి, మొదటి గుంపు మధ్య చుక్కతో పోల్చండి. తేడా వస్తే వెంటనే స్కోప్‌ను తిట్టకండి. గురి నిలుస్తుందని ముందే రుజువైన ఇంకో స్కోప్‌ను అదే రైఫిల్‌కు బిగించి ఇదే పరీక్ష పెట్టండి. అప్పుడూ తేడా వస్తే తప్పు బేస్‌దో మడమదో.

రెండు గుంపుల కాగితాలూ దాచి ఉంచండి. 5వ పాఠంలో చలి, ఎత్తు మారినప్పుడు జీరోకు ఏమవుతుందో చూసేటప్పుడు వాటితో పని ఉంది.