రైలు వంతెన బొమ్మ ఉన్న పాత గ్రీటింగ్ కార్డు ఏ కాలానిదో తేల్చుకోవడం, దాన్ని భద్రపరచడం ఎలా?

పువ్వులూ పక్షులూ ఉన్న పాత గ్రీటింగ్ కార్డు ఏ కాలానిదో చెప్పడానికి అందులోని బొమ్మ పెద్దగా సాయపడదు. వంతెన సంగతి అలా కాదు. దాన్ని ఎప్పుడు కట్టారో, ఎప్పుడు మార్చారో, పక్కన మరో వంతెన ఎప్పుడు లేచిందో లెక్క ఉంటుంది. కార్డు వెనుక భాగం చెప్పే సంగతినీ, ముందున్న వంతెన చెప్పే సంగతినీ కలిపి చూస్తే, ఆ కార్డు ఏ సంవత్సరానికి ముందుది కాదో, ఏ సంవత్సరానికి తర్వాతది కాదో తేలుతుంది. ఆ రెండు హద్దుల మధ్య దూరాన్ని తగ్గించుకుంటూ పోవడమే సేకరించేవారి పని.

మొదట వెనుక భాగం

చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకున్నాక కార్డును అంచులతో పట్టుకుని, శుభ్రమైన తెల్ల కాగితం మీద బోర్లా పెట్టాలి. అది పోస్టుకార్డు తరహాదైతే, వెనుక భాగం నిలువు గీతతో రెండుగా విడిపోయి ఉందో లేదో చూడాలి. తొలినాళ్లలో వెనుకవైపంతా చిరునామాకే కేటాయించేవారు, శుభాకాంక్షలను బొమ్మ పక్కన మిగిలిన ఖాళీలో ఇరికించి రాసేవారు. ఒక సగంలో చిరునామా, మరో సగంలో సందేశం రాసుకునే వీలు బ్రిటన్‌లో 1902లో, ఫ్రాన్స్‌లో 1904లో, జర్మనీలో 1905లో, అమెరికాలో 1907లో వచ్చింది. గీత ఉన్న అమెరికా కార్డును 1900 నాటిదని ఎవరైనా అమ్మజూపితే, బేరం అక్కడితో ఆపవచ్చు.

తపాలా ముద్ర ఉంటే అందులోని తేదీని రాసుకోవాలి. అది కార్డును పంపిన తేదీయే తప్ప అచ్చువేసిన తేదీ కాదు. దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న కార్డును కూడా ఎవరో ఒకరు కొని పంపి ఉండవచ్చు. మడతపెట్టే కార్డులను కవరులో పెట్టి పంపుతారు గనుక వాటి మీద ముద్ర ఉండదు. వాటి చివరి పుటలో ప్రచురణకర్త పేరు, వరుస సంఖ్య, అచ్చయిన దేశం పేరు చిన్న అక్షరాల్లో ఉన్నాయేమో వెతకాలి.

తర్వాత భూతద్దం

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ముందుగా ఆకాశం భాగాన్ని చూడడం మంచిది, ఎందుకంటే గీతలు లేని చోటే అచ్చు పద్ధతి బయటపడుతుంది. చుక్కలేవీ కనబడకుండా నలుపు నుంచి తెలుపుకు ఛాయ నున్నగా కరిగిపోతే అది అసలు ఫోటో. చుక్కలు వరుసగా, సమాన దూరంలో ఉంటే హాఫ్‌టోన్ అచ్చు, అంటే ఫోటోను చుక్కలుగా విడగొట్టి అచ్చువేసినది. రంగు చుక్కలు చిన్న చిన్న పూలరేకుల్లా గుండ్రంగా పేర్చినట్టు కనబడితే నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చు, అంటే తర్వాతి కాలపు పద్ధతి. పాతదిగా చూపి అమ్మే నకళ్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి.

అదే భూతద్దాన్ని వంతెన మీది రైలు వైపు జరిపి చూడండి. పెట్టెల అంచులు మరీ పదునుగా ఉండి, పొగ దూదిపింజలా ఒకే చోట నిలిచి, రైలు కింది భాగం దూలాలకు సరిగా ఆనకపోతే, ఆ రైలు ఫోటోలోది కాదు, కుంచెతో చేర్చినది. ఖాళీ వంతెన కంటే రైలున్న వంతెన బాగా అమ్ముడుపోతుందని ప్రచురణకర్తలకు తెలుసు. ఇది కార్డుకు లోపమేమీ కాదు. కాకపోతే ఆ ఇంజిన్ రూపాన్ని బట్టి సంవత్సరం కట్టడం ప్రమాదం.

ఇక వంతెన

స్కాట్లాండ్‌లోని ఫోర్త్ రైలు వంతెనను 1890 మార్చి 4న ప్రారంభించారు. దానికి పడమటగా రోడ్డు వంతెన 1964లో, ఇంకా పడమటగా మూడోది 2017లో తెరుచుకున్నాయి. కార్డులో వెనుక రోడ్డు వంతెన తీగలు కనిపిస్తే అది 1964 ప్రాంతానిదో, తర్వాతిదో అవుతుంది. కనిపించనంత మాత్రాన పాతదని తీర్మానించకూడదు, ఫోటోగ్రాఫరు తూర్పు ముఖంగా నిలబడి ఉంటే రోడ్డు వంతెన అతని వీపు వెనుకే ఉండిపోతుంది. వేల్స్‌లోని బ్రిటానియా వంతెన ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది: 1850లో తెరిచినప్పుడు రైళ్లు పెద్ద ఇనుప గొట్టాల లోపలి నుంచి వెళ్లేవి, 1970 మే నెలలో జరిగిన అగ్నిప్రమాదంలో అవి పాడైపోగా ఉక్కు కమానులతో మళ్లీ కట్టారు. కమానులున్నాయంటే ఆ బొమ్మ 1970కి ముందుది కాదు.

బొమ్మ వయసు, కార్డు వయసు ఒకటి కావని మరవకూడదు. స్కాట్లాండ్‌లోనే టే నది మీది మొదటి రైలు వంతెన 1879 డిసెంబరు 28 రాత్రి గాలివానకు కూలిపోయింది; ప్రైవేటు ప్రచురణకర్తల పోస్టుకార్డులకు బ్రిటన్‌లో అనుమతి వచ్చింది 1894లో. చెక్కుచెదరని ఆ వంతెన పోస్టుకార్డు మీద కనిపిస్తే, పాత చిత్రాన్ని తర్వాత ఎప్పుడో అచ్చువేశారన్నమాట.

అనుమానం మిగిలితే చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేయాలి. కాగితానికి తెల్లదనం తెచ్చే మెరుపు రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. కాబట్టి నీలిరంగులో ప్రకాశించే కాగితాన్ని అంతకుముందుదని నమ్మడం కష్టం.

చివరగా భద్రపరచడం

మెత్తని కుంచెతో మధ్య నుంచి అంచులకు ధూళి దులపడంతో శుభ్రం చేసే పని ముగించాలి; నీళ్లు, రబ్బరు, టేపు, లామినేషన్ వద్దు, స్టాంపును ఊడదీయనే వద్దు. పీవీసీ ప్లాస్టిక్ కవర్లూ, జిగురు పుటల ఆల్బములూ కాలక్రమంలో కార్డును పాడుచేస్తాయి కనుక పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవరు వాడాలి. ఉబ్బెత్తు అచ్చున్న కార్డుకు కాస్త వదులైన కవరు కావాలి. ఎండ, తేమ సోకని అల్మరాలో నిలువుగా అమర్చి, ఒరిగిపోకుండా వెనుక గట్టి అట్ట పెట్టాలి.

రెండు వైపులా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, తేల్చుకున్న రెండు సంవత్సరాలనూ, వాటికి ఆధారాలనూ ఆమ్లరహిత కాగితపు చీటీ మీద పెన్సిలుతో రాసి, కార్డుతో పాటు కవరులో ఉంచాలి. ఆ చీటీని కవరులో పెట్టకముందే రాయాలి. కార్డు మీద ఆనించి రాస్తే పెన్సిలు నొక్కు బొమ్మ మీద పడి, ఇక పోదు.