బెంగళూరులో పంచాంగం చూసుకునే పద్ధతి

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారు పంచాంగం చూసేటప్పుడు ముందుగా అది ఏ ఊరి సూర్యోదయానికి గణించినదో గమనించాలి. చెన్నైకీ బెంగళూరుకూ మధ్యనే దాదాపు 10 నిమిషాల తేడా ఉంటుంది. రాహుకాలమంటే పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్ని బట్టి తీసుకునే ఒక భాగం. శుక్రవారం అది 10:30కు మొదలవుతుందని అందరూ అనుకున్నా, జనవరి మధ్యలో ఇక్కడ సూర్యుడు 6:45 ప్రాంతంలో ఉదయిస్తాడు కనుక సుమారు 11 గంటలకు గానీ మొదలు కాదు.

కొత్త ఇంటికి అడ్వాన్సు ఇవ్వడం వంటి పనులకు తారాబలం చూడండి. జన్మనక్షత్రం నుంచి ఆనాటి నక్షత్రం వరకు లెక్కించి, తొమ్మిది దాటితే తొమ్మిదితో భాగించగా 2, 4, 6, 8 మిగిలినా, శేషం లేకపోయినా మంచిది. రోహిణివారికి చిత్త పదకొండవది, శేషం 2, అంటే సంపత్తార. వైద్యానికి మాత్రం ముహూర్తం కోసం ఆగవద్దు.

పెళ్లి పొంతనలో 36 గుణాలకు 18 వస్తే చాలంటారు. అయితే అబ్బాయి, అమ్మాయి ఉద్యోగాల గురించీ, పెద్దల బాధ్యత గురించీ మనసు విప్పి మాట్లాడుకున్న తరువాతే జాతకాలు చూపించడం మేలని నా గట్టి నమ్మకం.