వానలు మొదలయ్యేలోపే కోళ్ల షెడ్డులో సాల్మొనెల్లాకు అడ్డుకట్ట

తొలకరికి ముందు కోళ్ల రైతులు పైకప్పు, పక్క పరదాలు బాగుచేసుకుంటారు గాని, సాల్మొనెల్లా గురించి చాలామంది ఆలోచించేది కోడిపిల్లలు తెల్లగా పారుకుంటూ చనిపోవడం మొదలైన తరువాతే. ఈ బ్యాక్టీరియా ఎండిన రెట్టలోనూ దుమ్ములోనూ నెలల తరబడి బతికి ఉండగలదు కనుక, పాత బ్యాచ్ వెళ్లి కొత్త బ్యాచ్ దిగేలోపు షెడ్డు ఖాళీగా ఉండే రోజులను వృథా చేసుకోకూడదు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది శుభ్రం చేసే వరుసలోనే. రెట్ట, ఈకలు అంటుకుని ఉన్న నేలపై ఎంత ఖరీదైన మందు చల్లినా ఆ మురికే దాని బలాన్ని హరిస్తుంది. ముందుగా లిట్టరంతా (రెట్టతో కలిసిన పాత ఊకంతా) ఎత్తి షెడ్డుకు దూరంగా తరలించి, గోడలు, నేల, మేత తొట్లు, నీటి గొట్టాలు సబ్బునీటితో రుద్ది కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే క్రిమిసంహారక మందు చల్లాలి. అది కూడా ఆరాకనే పొడి ఊక పరచాలి.

ఇంత శ్రమపడి కడిగిన షెడ్డును మళ్లీ పాడుచేసేవి ఎలుకలు. పొలంలో బొరియలు నీటితో నిండగానే అవి దాణా గదికి చేరతాయి, వాటి పెంటికలతో బ్యాక్టీరియా దాణాలో కలుస్తుంది. కాబట్టి వానలకు ముందే కన్నాలు పూడ్చి, ఎరలు పెట్టి, దాణా బస్తాలను గోడకు ఎడంగా చెక్క బల్లలపై పేర్చి, ఒలికిన గింజలను ఏ రోజుకారోజు ఊడ్చివేయాలి. ఎండుచేపల పొడి వంటి జంతు సంబంధ దినుసులను పరీక్ష చేయించకుండా దాణాలో కలపడం మంచిది కాదు. తాగునీటిలో క్లోరిన్‌ను ట్యాంకు వద్ద కాక, కోళ్లు తాగే చివరి నిపుల్ (గొట్టానికి ఉండే నీటి మొన) వద్ద పరీక్షించాలి.

తల్లికోడి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు సోకే పుల్లోరం వంటి సాల్మొనెల్లా రకాలను షెడ్డు శుభ్రత ఒక్కటే ఆపలేదు. పేరెంట్ కోళ్లకు (గుడ్లు పెట్టే తల్లికోళ్లు, పుంజులకు) రక్తపరీక్ష చేయించే హ్యాచరీ (గుడ్లు పొదిగించే కేంద్రం) నుంచే పిల్లలను తెచ్చుకోవాలి.

రోగం కనబడితే చనిపోయిన కోళ్లను పశువైద్యునికి చూపి, ల్యాబ్ నివేదికను బట్టే మందు వాడాలి. యాంటీబయాటిక్ మరణాలను తగ్గించినా, బతికిన కోళ్లలో కొన్ని రోగవాహకాలుగా మిగిలిపోతాయి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్ల వంటి ఆహార జంతువుల కోసం తయారుచేయడాన్ని, అమ్మడాన్ని, పంపిణీ చేయడాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించింది. ఇదే బ్యాక్టీరియాలోని కొన్ని రకాలు మనుషులకు తీవ్రమైన విరేచనాలు కలిగిస్తాయి కనుక, షెడ్డులో పనిచేసేవారు బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, షెడ్డు చెప్పులను ఇంటికి తీసుకెళ్లకూడదు.