నిమ్మసోడా తాగిన వెంటనే బ్రష్ పట్టుకోకండి

అలిపిరి మెట్లు 3550. ఎక్కినప్పుడల్లా దారిలో రెండు నిమ్మసోడాలు, ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు తినాల్సిందే, పైన రూముకు చేరాక నోరు పుల్లగా ఉందని గట్టిగా బ్రష్ చేసేదాన్ని. ఇంటి దగ్గరైతే రోజూ పరగడుపున నిమ్మరసం, తేనె కలిపిన నీళ్ళు బాటిల్లో పోసుకుని వాకింగ్ అంతసేపూ గుక్క గుక్కగా తాగి, వచ్చాక బ్రష్. మూడేళ్ళకు చన్నీళ్ళు తగిలితే చాలు, పళ్ళు జివ్వుమనేవి. డెంటిస్టు అద్దం పెట్టి చూపించారు: కింది దవడపళ్ళ మీద ఆవగింజ పట్టేంత గుంటలు, వాటి అడుగున పసుపు రంగు. పుచ్చు కాదు, పులుపుకు అరిగిపోయిందన్నారు.

పుచ్చు వేరు, ఈ అరుగుడు వేరు. పుచ్చులో మనం తిన్న తీపిని క్రిములు తిని ఆమ్లం తయారుచేస్తాయి. ఇక్కడ క్రిములతో పనేలేదు, మనం తాగే ఆమ్లమే నేరుగా పంటి మీద పడుతుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నోట్లో అది సుమారు 5.5 కంటే తగ్గితే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2, 2.5 మధ్య ఉంటుంది, కోలా కూడా దాదాపు అంతే. షుగర్ లేని కోలా అయితే ఫర్వాలేదు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ అందులో చక్కెర మాత్రమే ఉండదు, ఆమ్లం అలాగే ఉంటుంది. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

పుల్లటిది తిన్నాక కాసేపు పంటి పైపొర మెత్తబడి ఉంటుంది. లాలాజలం మెల్లగా ఆమ్లాన్ని తగ్గించి, కాల్షియాన్ని కొంత తిరిగి అందిస్తుంది, దానికి టైమ్ కావాలి. మనం ఆ టైమ్ ఇవ్వకుండా బ్రష్ పెట్టి రుద్దితే మెత్తబడిన పొర కాస్తా లేచిపోతుంది. నేను మూడేళ్ళు చేసింది అదే.

కాబట్టి పొద్దున లేవగానే ముందు బ్రష్, ఆ తర్వాతే నిమ్మనీళ్ళు. తాగేది కూడా గంటసేపు కొంచెం కొంచెంగా కాదు, ఒక్కసారిగా తాగేసి మామూలు నీళ్ళతో బాగా పుక్కిలించండి. ఎంత తాగారన్నదానికంటే ఎన్నిసార్లు, ఎంతసేపు నోట్లో ఉంచారన్నదే ఎక్కువ దెబ్బ కొడుతుంది. స్ట్రా ఉంటే కొస ముందుపళ్ళు దాటి లోపలికి ఉండేలా పెట్టుకోండి. తర్వాత బ్రష్ చేయాలనిపిస్తే కనీసం అరగంట, కుదిరితే గంట ఆగండి. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి. బొగ్గుపొడి, ఉప్పు వేసి రుద్దడం మానేయండి, మా అవ్వ కూడా అలాగే రుద్దేది, నిజమే, కానీ ఆమె రోజూ కూల్‌డ్రింకు తాగలేదు కదా.

మన సీమ తిండిలో చింతపండు లేని పూట ఉండదు, పులుసు మానేయాలా అని భయపడకండి. సంగటిలోనో అన్నంలోనో కలిపి తినేసే పులుసు నోట్లో ఎక్కువసేపు ఉండదు. చింతపండు ఉండను బుగ్గన పెట్టుకుని గంటసేపు చప్పరించడం, తోతాపురి కాయలు వచ్చే రోజుల్లో పూటంతా ముక్కలు నములుతూ కూర్చోవడం, ఇవీ మానుకోవాల్సినవి. పళ్ళు పులిశాయి అంటాం చూడండి, అలా అనిపించిందంటే ఇక ఆపి నీళ్ళు పుక్కిలించండి. భోజనం చివర పెరుగన్నం తినే మన అలవాటు మాత్రం బంగారం. పెరుగు కూడా పులుపే, కానీ అందులో కాల్షియం, ఫాస్ఫేట్ బాగా ఉంటాయి కాబట్టి పంటిలోంచి లాగదు. ఇప్పుడు కొండెక్కేటప్పుడు నేను సోడా బదులు మజ్జిగ తాగుతున్నాను.

పడుకున్నాక లాలాజలం బాగా తగ్గిపోతుంది, అందుకే రాత్రి బ్రష్ చేశాక నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. పుల్లటి త్రేన్పులు తరచుగా వచ్చేవాళ్ళకు, వేవిళ్ళతో వాంతులయ్యే ఆడవాళ్ళకు కడుపులోని ఆమ్లం పళ్ళకు తగులుతుంది. వాళ్ళు కూడా వెంటనే బ్రష్ చేయకుండా గ్లాసు నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయాలి, త్రేన్పులు తగ్గకపోతే కడుపు డాక్టరును కూడా కలవాలి.

ఈరోజే వెలుతురులో అద్దం ముందు నిలబడి చూసుకోండి. ముందుపళ్ళ అంచులు గాజులా పలచగా కనిపిస్తున్నా, దవడపళ్ళ మీద నాలుకకు నున్నటి గుంట తగులుతున్నా, పాత ఫిల్లింగు పంటికంటే ఎత్తుగా పైకి తేలినట్టున్నా, జివ్వుమనేదాకా ఆగకుండా డెంటిస్టు దగ్గరికి వెళ్ళండి.