చిల్లుల రేకులో తరంగం: లెక్క కలవకపోతే ఎక్కడ వెతకాలి

జల్లెడలా వరుసగా సన్నటి చిల్లులున్న రేకు. దానిలో తరంగం ఎలా నడుస్తుందో లెక్కేయాలి. ప్రతి చిల్లునూ మెష్‌లోకి (లెక్క కోసం రేకును విడగొట్టే చిన్న ముక్కల వలలోకి) ఎక్కిస్తే కంప్యూటర్ మూలుగుతుంది. అందుకే హోమోజినైజేషన్: చిల్లుల మధ్య దూరం (దీన్ని ఎప్సిలాన్ అందాం) సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఈ రేకు ఏ నిండు రేకులా ప్రవర్తిస్తుందో కనుక్కుని, ఆ సులువైన సమీకరణాన్నే సాధిస్తాం. అసలు జవాబు, సులువు జవాబు కలవకపోతే కోడ్‌ను తిట్టే ముందు ఇవి చూడండి. ఉదాహరణకు చదరపు వరుసల్లో గుండ్రటి చిల్లులు, వైశాల్యంలో 20 శాతం ఖాళీ, చిల్లుల్లేని రేకులో వేగం 1 అనుకుందాం.

సమస్య: తరంగం వేళకు రావడం లేదు

మీ వేగం సరిగ్గా 1 వచ్చిందా? అయితే సమీకరణంలోని గుణకాన్ని (రేకు బిగువును చెప్పే సంఖ్యను) వైశాల్యం ప్రకారం సగటు చేసి 0.8 అని వేసుకున్నారు. తరంగం చిల్లులను చుట్టుకుని పోవాలి కాబట్టి అసలు గుణకం అంతకన్నా తక్కువ. సెల్ ప్రాబ్లమ్ (ఒక్క చిల్లు, దాని చుట్టూ ఉన్న చదరం మీద వేసే చిన్న లెక్క) సాధిస్తే దాదాపు 0.67 వస్తుంది. వేగం 0.82 వచ్చిందా? గుణకం సరే, కానీ ద్రవ్యరాశి కూడా తగ్గిందని మరిచిపోయారు. కాలంలో రెండో అవకలజాన్ని 0.8తో గుణించాలి. అప్పుడు వేగం 0.67/0.8కి వర్గమూలం, సుమారు 0.91.

ఇదంతా చిల్లు అంచు స్వేచ్ఛగా ఉన్నప్పుడు, అంటే న్యూమన్ షరతు ఉన్నప్పుడే.

సమస్య: తరంగం అసలు కదలడమే లేదు

అంచులో డిరిష్లే షరతు (అంచు కదలకుండా బిగించడం) పెట్టి ఉంటారు. చిల్లుల వ్యాసార్థం ఎప్సిలాన్‌కు అనుపాతంలో ఉంటే పరిమితిలో జవాబు సున్నాయే. అది బగ్ కాదు. త్రిమితీయంలో వ్యాసార్థం ఎప్సిలాన్ ఘనం స్థాయిలో ఉంటే మాత్రం సమీకరణంలోకి పిలవని పేరంటంలా ఒక కొత్త పదం వచ్చి చేరుతుంది. గణితవేత్తలు చోరానెస్కు, మ్యురా 1982లో దీన్ని ‘వింత పదం’ అన్నారు. దాని గుణకానికి వర్గమూలం కన్నా తక్కువ కోణీయ పౌనఃపున్యమున్న తరంగం ముందుకు సాగదు. ఆ పదాన్ని కలపండి, లెక్క కుదురుతుంది.

సమస్య: స్థానభ్రంశం కలుస్తోంది, శక్తి కలవడం లేదు

అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. మెష్ ఎంత సన్నం చేసినా తేడా పోదు. ముందుగా, స్థానభ్రంశం వాలును నేరుగా పోల్చకండి. చిల్లుల చుట్టూ అది ఊగుతూనే ఉంటుంది కాబట్టి కరెక్టర్‌ను (ఆ ఊగుడును సులువు జవాబుకు చేర్చే సవరణ పదాన్ని) కలిపి పోల్చాలి. అలా చేశాక కూడా తేడా ఉంటే ప్రారంభ విలువలు చూడండి. రెండు లెక్కలూ ఒకే నున్నటి ఆకారంతో, సున్నా వేగంతో మొదలుపెట్టారా? చిల్లుల రేకులో మొదటి శక్తి 0.8కి అనుపాతం, సులువు లెక్కలో 0.67కి. ఆరో వంతు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. తరంగ సమీకరణంలో శక్తి నశించదు కాబట్టి అది చిల్లుల చుట్టూ సన్నటి ప్రకంపనలుగా తిరుగుతూనే ఉంటుంది. ఉష్ణ సమీకరణంలో అయితే అలాంటివి చప్పున కరిగిపోతాయి, అందుకే అక్కడ అలవాటైనవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. బ్రాహిమ్-ఓత్స్‌మాన్, ఫ్రాంక్‌ఫోర్, మ్యురా 1992లో ఈ రెండు సమీకరణాల కరెక్టర్లనూ కలిపి చర్చించారు. పరిష్కారం: చిల్లుల రేకు ప్రారంభ ఆకారానికి కూడా ఎప్సిలాన్ స్థాయి కరెక్టర్‌ను మొదటే కలిపి వదలండి.

సమస్య: మొదట్లో బాగుంది, తర్వాత తరంగం వెనక తోక మొలిచింది

ఎప్సిలాన్ 0.05 అయితే, కాలం 400 దరిదాపుల్లోకి వచ్చేసరికి (1ని ఎప్సిలాన్ వర్గంతో భాగించినంత) ఇది కనిపిస్తుంది. పొట్టి తరంగాలు కాస్త నిదానంగా నడిచి వెనకబడతాయి. సాంటోసా, సైమ్స్ 1991లో ఇందుకోసం నాలుగో అవకలజమున్న పదాన్ని చేర్చారు. దాన్ని ఉన్నదున్నట్టు కోడ్‌లో పెడితే లెక్క పేలిపోతుంది, ఎందుకంటే పొట్టి తరంగాలకు పౌనఃపున్య వర్గం రుణాత్మకం అవుతుంది. నాలుగు స్థల అవకలజాల్లో రెండింటిని కాల అవకలజాలుగా మార్చి రాయండి. ఆ స్థాయిలో రెండూ సమానమే, కానీ ఇది నిలకడగా ఉంటుంది.

అయినా కలవకపోతే తరంగదైర్ఘ్యం కొలవండి. అది చిల్లుల మధ్య దూరమంతే ఉంటే పైవేవీ పనిచేయవు. బ్లోఖ్ తరంగాలతో (చిల్లుల వరుసలోని పునరావృతాన్ని తమలోనే కలుపుకున్న తరంగాలతో) మళ్లీ మొదలుపెట్టాల్సిందే.