మునిగిన ఓడ దగ్గర డైవింగ్ – 4వ పాఠం: గాలి లెక్క

పోయిన పాఠంలో కాళ్లు పైకీ కిందికీ కొట్టకుండా, కప్పలా పక్కలకు తోస్తూ ఈదడం నేర్చుకున్నాం. ఈసారి సిలిండర్‌లో గాలి ఎంతసేపు వస్తుందో లెక్క కడదాం. ఈ లెక్క ఒడ్డున కూర్చునే చెయ్యాలి. నీళ్లలో ఓడ కనబడ్డాక బుర్ర లెక్కల మీద నిలవదు.

ఉదాహరణకి బాలిలోని తులంబెన్ దగ్గరున్న లిబర్టీని తీసుకుందాం. ఈ అమెరికా సరుకు ఓడకి 1942 జనవరిలో జపాన్ సబ్‌మెరైన్ టార్పెడో తగిలితే, లాక్కొచ్చి ఒడ్డుకెక్కించారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు అది నీళ్లలోకి జారింది. అందుకే పడవ అక్కర్లేదు. నల్లటి గుండ్రాళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి దిగొచ్చు. పైభాగం సుమారు 5 మీటర్ల లోతులో ఉంటే, అడుగు 30 మీటర్ల దాకా ఉంటుంది. ఆ వాలే మోసం చేస్తుంది: చేపల వెంట పడి ఎంత లోతుకి పోయామో తెలియదు.

ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. నీటి పైనే ఒకటి ఉంటుంది కాబట్టి 20 మీటర్ల దగ్గర పీడనం మూడింతలు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 60 లీటర్లు కావాలి.

ఓడ లోపలికి వెళ్లేవాళ్లు గాలిని మూడు వాటాలు వేసుకుంటారు: పోవడానికొకటి, రావడానికొకటి, ఆపదకొకటి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే పీడనం కొలత, దాదాపు ఒక వాతావరణ పీడనం) ఉందనుకోండి. మూడో వంతు 66 బార్ పైచిలుకు వస్తుంది, దాన్ని 60 బార్‌కి తగ్గించుకుందాం, అంటే 12 × 60 = 720 లీటర్లు. 20 మీటర్ల దగ్గర అది 12 నిమిషాలే. సిలిండర్‌లో మిగిలిన పీడనం చూపే గేజ్ 140 బార్ చూపించగానే వెనక్కి తిరగాలి. జంటలో ఎవరి గేజ్ ముందు 140కి వస్తే వాళ్లు సైగ చేస్తారు, ఇద్దరూ తిరుగుతారు. ముందు నా గాలే అయిపోతోందని చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. దయచేసి పడకండి.

మూడో వాటా ఎందుకంటే, లోపల ఒక్క ఫిన్ (కాలికి తొడుక్కునే ఈత రెక్క) దెబ్బకి ఏళ్ల తరబడి పేరుకున్న బురద లేస్తుంది. ముందు టార్చి వెలుగు గోధుమరంగుకి మారుతుంది. తర్వాత చేతిలోని గేజ్ కూడా కనబడదు. అప్పుడు లోపలికి వస్తూ వేసుకున్న తాడు పట్టుకుని మెల్లగా బయటికి రావడమే దారి. టెన్షన్‌లో ఊపిరి రెండింతలవుతుంది, 12 నిమిషాల గాలి 6 నిమిషాలకే అయిపోతుంది. తాడు వేయడం శిక్షకుడి దగ్గర నేర్చుకోకుండా లోపలికి తల కూడా పెట్టొద్దు. బయటి నుంచే లిబర్టీని ఎంత చూసినా తనివి తీరదు.

అభ్యాసం: ఈసారి డైవ్‌లో సరిగ్గా 10 మీటర్ల దగ్గర, మామూలు వేగంతో 10 నిమిషాలు ఈదండి. 12 లీటర్ల సిలిండర్‌లో 30 బార్ తగ్గితే 360 లీటర్లు ఖర్చయినట్టు. పదితో భాగిస్తే 36. అక్కడ పీడనం రెండింతలు కాబట్టి మళ్లీ రెండుతో భాగిస్తే 18. నీటి పైన నిమిషానికి మీరు పీల్చే లీటర్లు అన్నమాట, అదే మీ అంకె. దాంతో 25 మీటర్ల దగ్గర 60 బార్ ఎన్ని నిమిషాలొస్తుందో కట్టి ఉంచండి. 5వ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.